నాలుగు నట్ల బిగువు

కారు కొనదలచినవారు ఇంజను శక్తిని గురించి అడుగుతారు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు పోతుందో విచారిస్తారు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే నట్ల ప్రసక్తి మాత్రం ఎవరూ తీసుకురారు. చిన్న కారులో చక్రానికి నాలుగు, కొంచెం పెద్దదానిలో అయిదు. బొటనవేలంతేసి ఇనుప ముక్కలు. లోపల కూర్చున్న కుటుంబమంతా వాటినే నమ్ముకొని ప్రయాణం చేస్తున్నది.

ఆ నట్లూ, అవి ఎక్కే స్టడ్లూ బండి బరువును మోస్తున్నాయని చాలామంది భావన. నిజానికి వాటి పని మోయడం కాదు, అదమడం. హబ్బుకు అమర్చిన స్టడ్డు మీద నట్టు బిగిసేకొద్దీ ఆ స్టడ్డు రవ్వంత సాగుతుంది. సాగినది తిరిగి కుదించుకోబోతూ చక్రాన్ని హబ్బుకేసి నొక్కిపెడుతుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టును 100 న్యూటన్ మీటర్ల వరకు బిగిస్తే ఆ ఒత్తిడి ఇంచుమించు 4 టన్నులు. నాలుగూ కలిసి 16 టన్నులు. దీనివలన పుట్టే ఘర్షణే చక్రాన్ని కదలనివ్వదు. ఒత్తిడి తగ్గిందా, చక్రం వెంట్రుకవాసి కదలనారంభిస్తుంది. కదిలేకొద్దీ నట్టు వదులు, వదులయ్యేకొద్దీ మరింత కదలిక. చివరకు స్టడ్డు అలసి తెగుతుంది.

మితిమీరిన బిగువు కూడా అంతే కీడు. కారుతో ఇచ్చే స్పానరు పొడవు 30 సెంటీమీటర్లనుకొంటే, దాని కొసన 34 కిలోల బరువు పెట్టినంత బలం చాలు. 70 కిలోల మనిషి దానిమీద ఎక్కి నిలబడితే 200 న్యూటన్ మీటర్లు దాటిపోతుంది. పంక్చరు షాపులలో ఎక్కి నిలబడడమే కాదు, ఎగిరి తొక్కడం కూడా కద్దు! అట్లా హద్దు మీరి సాగిన స్టడ్డు మళ్ళీ మునుపటి స్థితికి రాదు. చిన్న కార్లకు కంపెనీలు చెప్పే కొలత సాధారణంగా 85కూ 110కీ నడుమ ఉంటుంది. మీ బండి పుస్తకంలో చూసుకోవచ్చు.

మేముండే అడాజన్‌కు వరద కొత్త కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుండి వదలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో అధికభాగం మునిగినప్పుడు, నదికి పడమటనున్న అడాజన్, రాందేర్‌లు నీటిపాలైనవి. నీటిలో నానిన బండికి ఇంజను వైద్యం జరుగుతుంది, సీట్లు మారతాయి. చక్రం విప్పి హబ్బు ముఖం చూసేవారు అరుదు. చక్రానికీ హబ్బుకూ నడుమ ఒండ్రు గాని, తుప్పుపొర గాని ఉండిపోతే, ఎంత బిగించినా ఆ పొర పొడియై రాలగానే బిగువు సడలుతుంది. కనుక తీగె బ్రష్షుతో ఆ రెండు ముఖాలనూ రుద్ది శుభ్రపరచడం ముఖ్యం. మొండికేసిన నట్టును విప్పడానికి నూనె వేయవచ్చు. మళ్ళీ బిగించేముందు దానిని పూర్తిగా తుడిచివేయాలి. మనం పెట్టే బలంలో ఎక్కువ పాలు ఘర్షణకే ఖర్చవుతుంది. నూనె ఆ ఘర్షణను తగ్గిస్తే అదే బలానికి స్టడ్డు అవసరానికి మించి సాగుతుంది.

మగ్గాల పనికై సూరత్ వచ్చి స్థిరపడిన తెలంగాణ పద్మశాలీలు ఇక్కడ వేలాదిమంది. పండుగకో, పెండ్లికో నవాపూర్, ధూలేల మీదుగా ఊరికి పోయే దూర ప్రయాణాలు మనవాళ్ళకు మామూలు. రెండేళ్ళ క్రిందట మేము అట్లాగే బయలుదేరాము. ముందురోజు ఒక షాపులో టైర్లు మార్పించాము. వ్యారా దాటిన తరువాత వెనుకనుండి టక్, టక్‌మని చప్పుడు. వేగం పెరిగితే చప్పుడూ పెరిగేది. దిగి చూస్తే ఎడమ వెనుక చక్రపు నట్లు మూడు చేతి వేళ్ళకే తిరుగుతున్నవి. అటువంటి చప్పుడు వినిపిస్తే తరువాతి ఊరిదాకా పోదామనుకోరాదు.

అప్పుడు అక్కరకు వచ్చింది స్టెప్నీ. ఈ మాట చరిత్ర చిత్రమైనది. వేల్స్ దేశపు లనెల్లీ పట్టణంలో స్టెప్నీ వీథిలో డేవిస్ సోదరులు 1904లో అదనపు చక్రాల వ్యాపారం మొదలుపెట్టారు. ఇంగ్లండులో ఆ మాట దాదాపు మరుగున పడింది. మన లారీ డ్రైవర్ల నోట భద్రంగా ఉన్నది. అనువాదకులకు ఇటువంటివి దొరికితే పండుగ.

చక్రం బిగించే పద్ధతి తేలికే. బండి నేలమీద ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేసి, పిమ్మట జాకీ ఎత్తాలి. తిరిగి ఎక్కించేటప్పుడు ప్రతి నట్టునూ మొదట చేతితోనే తిప్పాలి. గాలి గన్నుతో మొదలుపెడితే వంకరగా ఎక్కి మరలు పాడవుతాయి. కోసుగా ఉన్న వైపు చక్రం దిక్కుకు ఉండాలి. ఒకదాని పక్కది కాక ఎదుటిది బిగిస్తూ పోవాలి. జాకీ దించిన తరువాతనే చివరి బిగువు. 80, 100 కిలోమీటర్లు తిరిగాక మరొకమారు సరిచూడాలి. మా షాపువారు వదలివేసినది ఇందులో ఏ మెట్టో తెలియరాలేదు.

ఇనుప చక్రాలు తీసి అల్లాయ్ చక్రాలు వేయించుకొనేవారు నట్లు కూడా మార్చవలసి రావచ్చునని గ్రహించాలి. కొన్ని నట్ల అడుగు కోసుగా, కొన్నిటిది గుండ్రంగా, మరికొన్నిటిది చదునుగా ఉంటుంది. చక్రపు రంధ్రానికి సరిపడనిది ఎంత బిగించినా నిలవదు. మర చెడిన నట్టు గాని, వంగిన స్టడ్డు గాని వెంటనే మార్పించండి. ఒక స్టడ్డు తెగిందంటే దాని వంతు శ్రమ పక్కవాటి మీద పడి ఉంటుంది. వాటినీ మార్చడం మేలు.

అల్లాయ్ చక్రాలకు దొంగల భయంతో తాళపు నట్టు వేయించుకొన్నవారు దాని చెవి డిక్కీలో ఉన్నదో, ఇంట్లో బీరువాలో ఉన్నదో బయలుదేరేముందు చూసుకోండి. అది లేనిదే దారిలో పంక్చరు వేసే మనిషి కూడా ఆ చక్రం విప్పలేడు.