అవసరం తెలియకముందే లక్ష పెట్టొద్దు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమయ్యాక తెలుగు రాష్ట్రాల్లో వేలాది ఇళ్లలో నడిచే చర్చ ఒకటే. బీటెక్‌లో చేరుతున్న పిల్లలకు ఏ ల్యాప్‌టాప్ కొనాలి? షోరూముకు వెళ్తే రెండు రకాలు ముందుగా కంటపడతాయి. తెరను పూర్తిగా వెనక్కి తిప్పితే ట్యాబ్లెట్‌లా మారే కన్వర్టిబుల్ అరవై వేల చుట్టుపక్కల దొరుకుతుంది. విడిగా గ్రాఫిక్స్ చిప్, పెద్ద ఫ్యాన్లు, కీబోర్డు కింద రంగుల దీపాలు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ లక్షకు అటూఇటూగా ఉంటుంది. ఇంట్లో పెద్దలు మొదటిదాని వైపు మొగ్గుతారు, పిల్లల మనసు రెండోదాని మీద ఉంటుంది. చివరికి ‘ఎలాగూ నాలుగేళ్లు వాడాలి కదా, కాస్త ఎక్కువైనా బలమైనదే కొందాం’ అన్న మాట దగ్గర బేరం తెగుతుంది. నాకు అభ్యంతరం ఆ మాటతోనే. గ్రాఫిక్స్ శక్తి భూమో బంగారమో కాదు, ముందుగా కొని దాచుకుంటే విలువ పెరగడానికి. ఏ దారిలో వెళ్తారో తమకే ఇంకా తెలియని మొదటి ఏడాది విద్యార్థుల కోసం దాన్ని కొనడం మధ్యతరగతి కుటుంబానికి నష్టం. కన్వర్టిబుల్ వారి అవసరానికి దగ్గరగా ఉంటుంది. అయితే దుకాణంలో మొదట చూపించిన కన్వర్టిబుల్‌ను కళ్లు మూసుకుని తెచ్చుకోమని కూడా నేను చెప్పను.

ముందు ఆ యంత్రం మీద జరిగే పని ఏమిటో చూద్దాం. బీటెక్ మొదటి రెండేళ్లలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థి రాసేవి సీ, పైథాన్, జావా ప్రోగ్రాములు. డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్ ల్యాబులు ఉంటాయి. కోడ్ రాసే ఎడిటర్ ఒకటి, పాతిక ట్యాబులతో బ్రౌజర్ ఒకటి, పక్కన పీడీఎఫ్ నోట్సు, ఇంకోపక్క యూట్యూబ్‌లో పాఠం. అసైన్‌మెంట్లు, ప్రజెంటేషన్లు సరేసరి. వీటిలో ఏదీ ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్‌ను అడగదు. వీడియో పాఠాన్ని నడపడానికి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. ఈ పనుల్లో ల్యాప్‌టాప్ నత్తనడక నడిస్తే చాలాసార్లు కారణం ర్యామ్ తక్కువ కావడమే. విండోస్ 11 లేచి కూర్చోవడానికే మూడు నాలుగు జీబీ తీసుకుంటుంది. 8 జీబీ యంత్రంలో బ్రౌజర్, ఎడిటర్ కలిసి మిగిలినది తినేస్తాయి. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి ఎమ్యులేటర్ నడపాలంటే ఇక ఊపిరాడదు. 2024 మేలో మైక్రోసాఫ్ట్ తన కొత్త తరం కోపైలట్ ప్లస్ కంప్యూటర్లకు కనీస ర్యామ్‌ను 16 జీబీగా నిర్ణయించింది. వచ్చే నాలుగేళ్లకు యంత్రం కొనేవారు ఆ గీతకు దిగువన ఆగకూడదు. అంటే డబ్బు ముందుగా వెళ్లాల్సింది 16 జీబీ ర్యామ్‌కు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీకి, చేతికి హాయిగా ఉండే కీబోర్డుకు, కళ్లను శ్రమపెట్టని తెరకు. గ్రాఫిక్స్ చిప్ వంతు వీటన్నిటి తర్వాతే వస్తుంది.

‘ఇప్పుడంతా ఏఐ కదా, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) లేకపోతే ఎలా?’ అన్నది ఈ రోజుల్లో అందరూ అడిగే ప్రశ్న. దుకాణంలో అమ్మకానికి వాడే మాట కూడా ఇదే. ప్రశ్న సబబైనదే, జవాబు మాత్రం లెక్క వేసి చూడాలి. లక్ష లోపు గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించిన ఆర్‌టీఎక్స్ 4050 చిప్‌కు సొంత మెమరీ 6 జీబీ. 4060కి 8 జీబీ. ఏఐ పనిలో చిప్ వేగం కంటే ముందు అడ్డుపడేది ఈ మెమరీ. 700 కోట్ల పారామీటర్లున్న భాషా నమూనాను తీసుకుందాం. ఈ రంగంలో అది చిన్నదే. మామూలుగా ఒక్కో పారామీటర్‌కు రెండు బైట్లు పడతాయి కాబట్టి దాన్ని మెమరీలోకి ఎక్కించడానికే 14 జీబీ కావాలి. శిక్షణ ఇవ్వాలంటే అంతకు ఎన్నో రెట్లు. అదే నమూనాను నాలుగు బిట్లకు కుదిస్తే మూడున్నర జీబీకి దిగుతుంది, అప్పుడు 6 జీబీ చిప్ మీద నడుస్తుంది. ఆ మేరకు గేమింగ్ ల్యాప్‌టాప్ ఉపయోగం నిజమే. కానీ ఇంటర్నెట్ ద్వారా వాడుకోవడానికి గూగుల్ కొలాబ్ ఉచితంగా ఇచ్చే టీ4 చిప్‌కు 16 జీబీ మెమరీ ఉంది. కాగుల్ వెబ్‌సైట్ వారానికి సుమారు 30 గంటల జీపీయూ సమయాన్ని పైసా తీసుకోకుండా ఇస్తోంది. కోర్సులో మెషీన్ లెర్నింగ్ ల్యాబుకు, చిన్న ప్రాజెక్టుకు ఇవి సరిపోతాయి. వీటికీ పరిమితులున్నాయి. కొలాబ్ సెషన్ మధ్యలో తెగిపోవచ్చు, రద్దీ వేళ చిప్ దొరక్కపోవచ్చు. హాస్టల్లో నెట్ సరిగా రాదు కదా అని కొందరు అంటారు. లెక్కలు జరిగేది అవతలి డేటా సెంటర్‌లో కనుక, పెద్ద డేటా ఫైళ్లు కూడా నేరుగా అక్కడికే దిగుతాయి. హాస్టల్ లైను మీద ప్రయాణించేది మనం టైపు చేసిన కోడ్, తిరిగి వచ్చే ఫలితం మాత్రమే. మొబైల్ హాట్‌స్పాట్ మీద కూడా ఆ పని జరిగిపోతుంది.

అసలు చిక్కు కాలంతో ఉంది. ల్యాప్‌టాప్‌ల కోసం ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30 శ్రేణి 2021 ఆరంభంలో వచ్చింది. 40 శ్రేణి 2023 ఆరంభంలో, 50 శ్రేణి 2025 ఆరంభంలో వచ్చాయి. రెండేళ్లకో తరం మారుతోంది. 2021లో 3060 ల్యాప్‌టాప్ చిప్‌తో చేరిన విద్యార్థి నాలుగేళ్ల డిగ్రీ ముగిసేసరికి అది రెండు తరాల పాతదైంది. పైగా కొత్త సౌకర్యాలను కంపెనీ కొత్త తరాలకే పరిమితం చేస్తోంది. ఆటల్లో దృశ్యాల మధ్య అదనపు ఫ్రేములు పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ 40 శ్రేణితో మొదలైంది, 30 శ్రేణి వారికి అందలేదు. ఒకదాని బదులు మూడేసి ఫ్రేములు పుట్టించే పద్ధతి 50 శ్రేణి వారికే దక్కింది. విద్యార్థికి భారీ గ్రాఫిక్స్ అవసరం పడితే గిడితే మూడో ఏడాదిలో, ఎలక్టివ్ సబ్జెక్టులు ఎంచుకుని చివరి ప్రాజెక్టుకు దిగేటప్పుడు పడుతుంది. ఆ రోజు కొంటే అదే సొమ్ముకు కొత్త తరం చిప్ చేతికి వస్తుంది, ఏ పనికి కొంటున్నామో కూడా తెలిసి ఉంటుంది.

చిప్ పేరు చూసి మోసపోయే ప్రమాదం ఇంకొకటి. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కి ఎన్‌విడియా పేర్కొన్న విద్యుత్ పరిధి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉంది. ఎంత ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారీదారు ఇష్టం. పెట్టె మీద ఒకే పేరున్న రెండు యంత్రాల్లో ఒకటి రెండోదానికంటే బాగా వెనకబడటానికి కారణం ఇదే. ఆ వాట్ల సంఖ్య షోరూము చీటీ మీద అరుదుగా ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాపే కావాలని తీర్మానించుకున్నవారు కూడా ఆ సంఖ్య చెప్పనిదే డబ్బు కట్టకూడదు.

ఇక రోజూ మోసే బరువు సంగతి. గేమింగ్ ల్యాప్‌టాప్ సాధారణంగా రెండుంపావు, రెండున్నర కిలోలు తూగుతుంది. దాని ఛార్జర్ 180 నుంచి 230 వాట్ల ఇటుకంత పెట్టె, అదొక అరకిలోకు పైమాట. మొత్తం మూడు కిలోలు రికార్డు పుస్తకాలతో కలిపి బస్సులో, మెట్రోలో మోయాలి. తేలిక పనులకే బ్యాటరీ మూడు నాలుగు గంటల్లో అడుగంటుతుంది. ప్లగ్ తీసేస్తే గ్రాఫిక్స్ చిప్ తన పూర్తి శక్తి చూపలేదు. అంటే ఏ బలానికైతే అదనంగా నలభై వేలు పెట్టామో, ఆ బలం గోడకున్న సాకెట్ పక్కన మాత్రమే దొరుకుతుంది. తరగతి గదుల్లో బెంచీకో సాకెట్ ఉన్న కాలేజీలు మనకెన్ని? పద్నాలుగు అంగుళాల కన్వర్టిబుల్ కిలోన్నర ఉంటుంది, ఆరేడు గంటలు ఆగుతుంది, 65 వాట్ల టైప్‌-సి ఛార్జర్‌తో నిండుతుంది. వేడి ఇంకో సమస్య. చాలా ల్యాప్‌టాప్‌లను చుట్టూ 35 డిగ్రీల వరకు ఉండే వాతావరణానికి రూపొందిస్తారు. మేలో రామగుండంలో, విజయవాడలో ఎండ 44 దాటే రోజులుంటాయి. ఏసీ లేని హాస్టల్ గదిలో అప్పుడు ఎంత చిప్ ఉన్నా వేడికి తానే వేగం తగ్గించుకుంటుంది. లిథియం బ్యాటరీ ఆయువును అన్నిటికంటే త్వరగా తినేది కూడా ఆ వేడే.

గేమింగ్ ల్యాప్‌టాప్ పక్షాన బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. వాటిలో ర్యామ్ చాలావరకు తీసి మార్చుకునేలా ఉంటుంది, రెండో ఎస్‌ఎస్‌డీకి చోటు ఉంటుంది, ప్రాసెసర్ దిట్టంగా ఉంటుంది. చవక కన్వర్టిబుల్‌లో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. కొన్న రోజున 8 జీబీ అయితే పారేసే రోజున కూడా 8 జీబీయే. ‘ఎక్కువ కాలం వస్తుంది’ అన్న మాటకు ఇదే నిజమైన ఆధారం, నేను దీన్ని ఒప్పుకుంటాను. కానీ దీనికి విరుగుడు లక్ష రూపాయల యంత్రం కాదు. తెర తిరగని, టచ్ లేని మామూలు ల్యాప్‌టాప్‌లలో అరవై వేల లోపే 16 జీబీ ర్యామ్, కొన్నిటిలో అదనపు స్లాట్ దొరుకుతున్నాయి. మన్నిక కోసం వెతికేవారు చూడాల్సిన అర అది.

కొన్ని దారులకు గ్రాఫిక్స్ చిప్ తప్పదు. యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ నేర్చుకునేవారికి, గేములు తయారుచేయాలనుకునేవారికి, బ్లెండర్‌లోనో అన్‌రియల్ ఇంజిన్‌లోనో రోజూ గంటల తరబడి పనిచేసేవారికి అది పనిముట్టు. బాహుబలి వంటి చిత్రాల గ్రాఫిక్స్‌లో పాలుపంచుకున్న స్టూడియోలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఆ వైపు వెళ్లాలని తేల్చుకున్న పిల్లలకు గేమింగ్ ల్యాప్‌టాప్ కొనివ్వడం సరైన ఖర్చు. మెకానికల్, సివిల్ వారి సంగతి కాస్త వేరు. మొదటి ఏడాది ఆటోక్యాడ్ డ్రాయింగులకు మంచి ప్రాసెసర్, ర్యామ్ చాలు. పెద్ద అసెంబ్లీలు, ఏన్సిస్ విశ్లేషణలు తర్వాతి ఏళ్లలో వస్తాయి, వాటి కోసం కాలేజీ ల్యాబులున్నాయి. ఆటల విషయానికొస్తే, ఆడుకోవాలనే కోరిక తప్పేమీ కాదు. ఇంటి బడ్జెట్‌కు అందితే, ఆటల కోసమే కొంటున్నామని ఇంట్లో అందరూ చెప్పుకుని కొనుక్కుంటే అందులో అన్యాయం లేదు. చదువు పేరు చెప్పి, అప్పు చేసి కొనడమే బాధాకరం. దుకాణాల్లో నో కాస్ట్ ఈఎంఐ అని ఊరిస్తారు. సున్నా వడ్డీ పథకాల్లో వడ్డీ వేరే రూపంలో దాగి ఉంటోందని 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను తప్పుబట్టింది. నెలకు రెండు వేలే కదా అనిపించే తేడా రెండేళ్లలో దాదాపు యాభై వేలవుతుంది.

కన్వర్టిబుల్‌నూ అంతే కఠినంగా పరీక్షించాలి. 360 డిగ్రీలు తిరిగే కీలు 2012లో లెనోవో యోగాతో, విండోస్ 8తో పాటుగా జనంలోకి వచ్చింది. వేలితో తాకి నడిపే కంప్యూటరే భవిష్యత్తు అని మైక్రోసాఫ్ట్ అప్పట్లో నమ్మింది. ఆ నమ్మకం నిలవలేదు, 2021లో వచ్చిన విండోస్ 11లో ప్రత్యేక ట్యాబ్లెట్ మోడ్‌ను తీసేశారు. కిలోన్నర బరువున్న వస్తువును చేత్తో పట్టుకుని పుస్తకంలా చదవడం ఎవరికీ ఎక్కువసేపు కుదరదు. ఆ కీలు, టచ్ తెర, దాని మీది గాజు అన్నీ ధరలో కలిసే ఉంటాయి. చవక రకంలో ఆ ఖర్చును ర్యామ్‌లోనో ప్రాసెసర్‌లోనో తెర నాణ్యతలోనో కోసి సరిచేస్తారు. అందుకే దీన్ని కొనడానికి గట్టి కారణం ఒక్కటే, పెన్ను. ఇంజినీరింగ్ మ్యాథ్స్ సమీకరణాలు, సర్క్యూట్లు, కెమిస్ట్రీ నిర్మాణాలు కీబోర్డుతో రాయలేం. తెర మీదే పెన్నుతో రాసి, పీడీఎఫ్ నోట్సు పక్కన గుర్తులు పెట్టుకుని, నాలుగేళ్ల నోట్సును ఒకే చోట దాచుకునే అలవాటు ఉన్నవారికి ఇది మంచి సాధనం. పెన్ను పెట్టెలోనే వస్తుందా, విడిగా కొనాలా? అరచేయి తెరకు ఆనినా గీతలు పడకుండా రాయగలమా? ఈ రెండూ దుకాణంలో రాసి చూసి తేల్చుకోవాలి. ర్యామ్ 16 జీబీ కాకపోతే వెనక్కి ఇచ్చేయాలి. ఈ పరీక్షలో నెగ్గని కన్వర్టిబుల్ కంటే అదే ధరకు వచ్చే మామూలు ల్యాప్‌టాప్ నయం.

ఈ సీజన్‌లో కొనబోయే తల్లిదండ్రులకు నా మనవి ఇది. షోరూముకు వెళ్లే ముందు కాలేజీ వెబ్‌సైట్ నుంచి మొదటి రెండేళ్ల సిలబస్ దించుకుని, అందులో ఏ సాఫ్ట్‌వేర్ పేర్లున్నాయో పిల్లలతో కలిసి చూడండి. సీనియర్ విద్యార్థులను, వీలైతే ల్యాబ్ అధ్యాపకులను అడగండి. జాబితాలో గ్రాఫిక్స్ చిప్ కోరే సాఫ్ట్‌వేర్ లేకపోతే అరవై వేల దగ్గర ఆగిపోండి. పెన్నుతో రాసే అలవాటుంటే కన్వర్టిబుల్, లేకపోతే మామూలు ల్యాప్‌టాప్ తీసుకోండి. మిగిలిన ముప్పై నలభై వేలు పిల్లల పేరున బ్యాంకులో వేసి, మూడో ఏడాదిలో వారి అవసరం తేలాక తీయండి.