కౌలుకిచ్చినవాళ్లూ కలిసి రావాలి

సంపాదకులకు,

ఎవరి పొలం వారు బాగుచేసుకుంటే చాలన్న గతవారం వ్యాసంతో ఏకీభవించలేను. పై చేను గట్టు తెగితే కింది చేను మేటవేస్తుంది. మన రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999 నుంచి వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో రైతులు వాటర్‌షెడ్ కమిటీగా కూడి చెక్‌డ్యాములు కట్టుకున్నారు. గట్లమీద గిరిపుష్పం నాటి, ఆ ఆకు కోసి చేలోనే వేశారు. మట్టి నిలిచింది, నత్రజనీ అందింది. బావుల్లో నీరు పెరిగింది.

అయితే ఇబ్రహీంపట్నం, యాచారం వైపు పొలాలు కౌలుకిచ్చి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఉంటున్న మాలాంటివాళ్లు ఎందరో. వచ్చే ఏడు ఉంటాడో ఉండడో తెలియని కౌలుదారు సొంత డబ్బుతో గట్టెందుకు వేస్తాడు? ఊళ్లో కమిటీ వేసేటప్పుడు మమ్మల్నీ పిలవండి, ఖర్చులో వాటా గట్టిగా అడగండి. కౌలు కనీసం ఐదేళ్లకు రాసివ్వమనండి.

– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్