దేవదత్తుని ఇంటిపేరు

దేవదత్తుడు రెండువేల యేండ్లకు పైగా అన్నము వండుచున్నాడు, గ్రామమునకు పోవుచున్నాడు, ఆవును తోలుకొని వచ్చుచున్నాడు. మహాభాష్యము మొదలుకొని నేటి ప్రవేశపాఠముల వరకు ఆయన పొందని కారకము లేదు. ఆయన ఇంటిపేరేమని అడిగిన విద్యార్థి మాత్రము అరుదు. అడుగవలసిన పని లేకుండుటయే ఆ పేరులోని సౌకర్యము. కర్తను చూపవలసిన చోట కర్త తప్ప మరేమియు స్ఫురింపరాదు. వంశమును చెప్పవలసి వచ్చినపుడు శాస్త్రకారులు గార్గ్యుని, వాత్స్యుని పిలుతురు. గోత్రము వేరు, ఇంటిపేరు వేరు అయినను వంశమును తెలుపుటలో రెండింటికిని పోలిక కలదు.

ఇటీవల తెలుగు వ్యాకరణపాఠములలోను, సంస్కృతానువాదాభ్యాసములలోను ఇంటిపేరునే కర్తగా నిలిపి ఉదాహరణవాక్యములు కూర్చు అలవాటు కనబడుచున్నది. ‘వేటూరి వచ్చెను’, ‘దువ్వూరి పాఠము చెప్పెను’ అనునవి ఇట్టివి. పత్రికాభాష నుండి కొంత, ఆంగ్లపాఠ్యపుస్తకముల నుండి కొంత ఈ పద్ధతి దిగినది. వినుటకు క్లుప్తముగనే యుండును గాని ఈ వాక్యములలో కర్త లేడు.

దువ్వూరి వేంకటరమణశాస్త్రిగారు బాలవ్యాకరణమునకు ‘రమణీయము’ రచించిరి. ఆ వ్యాఖ్యాత ఇంటిపేరే ఔపవిభక్తికమునకు చక్కని లక్ష్యము. దువ్వూరు అను ఊరిపేరు ఇకారము పొంది దువ్వూరి అయినది. దువ్వూరికి చెందిన అని అర్థము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఆచార్యులైన కొర్లపాటి శ్రీరామమూర్తిగారి ఇంటిపేరున పాడు పాటి అయినది. విశాఖపట్టణమున 1925లో జన్మించిన ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకరశాస్త్రి. అందు భాగవతులు అను బహువచనము లకారాంతమై షష్ఠ్యర్థమున నిలిచినది. వీటిని ప్రథమాంతములుగా వాడుట ‘రాముని వచ్చెను’ అనుట వంటిదే. విశ్వనాథ, శ్రీపాద వంటి సంస్కృతపదముల స్థితి మరియొక తీరు. డుప్రత్యయము చేర్చనిచో అవి తెలుగున ప్రథమాంతములు కావు. చేర్చినచో విశ్వనాథుడు అను వేరొక వ్యక్తి పుట్టుకొని వచ్చును, సత్యనారాయణగారు మాయమగుదురు!

ఇచట పూర్వపక్షము లేకపోలేదు. సత్యభామను భామ యనియు, దేవదత్తుని దత్తుడనియు పిలుచుటను వార్తికకారుడే అంగీకరించెను గదా. పూర్వపదమో ఉత్తరపదమో లోపించినను మిగిలిన భాగము మొత్తమును బోధించును గదా అని అందురు. యుక్తి బాగున్నది. కాని అచట మిగులునది విభక్తిని స్వీకరింపగల ప్రాతిపదికము. ఇచట మిగులునది విశేష్యమును కోల్పోయిన షష్ఠ్యంతము. సాహిత్యవిమర్శలో ‘విశ్వనాథ రచించెను’ అను ప్రయోగము రూఢమైనది. దానిని త్రోసివేయుట ఎవరి తరము కాదు. రూఢి వేరు, లక్షణమును నేర్పుటకు కూర్చిన వాక్యము వేరు. శ్రీశ్రీని చూచినచో ఈ భేదము తెలియును. 1910లో విశాఖపట్టణమున పూడిపెద్దివారింట జన్మించి, దత్తతచే శ్రీరంగంవారైన శ్రీనివాసరావుగారు రెండు పేర్ల ఆద్యక్షరములను కలిపి ఒక కొత్త నామము చేసికొనిరి. ‘శ్రీశ్రీ రచించెను’ అనుటలో దోషము లేదు, అది ఇంటిపేరు కాదు గనుక. ఇంటిపేరు మారవచ్చునని కూడ ఆయన జీవితమే చెప్పుచున్నది.

మరి ఇంటిపేరు ఒంటరిగా వాక్యమున నిలుచుటెట్లు? తెలుగు సంప్రదాయమున దానికి వారుశబ్దము తోడగును: దువ్వూరివారు వచ్చిరి, కొర్లపాటివారు చెప్పిరి. అసలు చిక్కు ఇచటనే యున్నది. ఉదాహరణవాక్యములలో కొన్ని ఇండ్లకు వారు దక్కుచున్నది, కొన్ని ఇండ్లకు వాడు మిగులుచున్నది. వేదము చదువువాక్యమునకు ఒక ఇంటిపేరు, మూటమోయు వాక్యమునకు వేరొక ఇంటిపేరు ఏరబడుచున్నవి. కూర్చినవారికి దురుద్దేశము లేకపోవచ్చును. కాని మన దేశమున ఇంటిపేరు వినగానే కులమును ఊహించువారు ఎందరో కలరు. ఓడరేవులో పనిచేయువారి బిడ్డలు, సముద్రమును నమ్ముకొన్నవారి బిడ్డలు, ఉక్కు కర్మాగారమునకు వచ్చిన వారి బిడ్డలు ఒకే బల్లపై కూర్చుండు నగరమున ఇట్టి వాక్యము విభక్తిని మాత్రమే నేర్పి ఊరకుండదు.

పాణిని ఈ విషయమున ఎంత నిక్కచ్చిగా నుండెనో చూడవలెను. చతుర్థాధ్యాయ ప్రథమపాదమున గోత్రప్రత్యయాంతమైన స్త్రీనామముపై అపత్యార్థమున చేరు ఒక ప్రత్యయమును నిందార్థమున మాత్రమే విధించెను. తండ్రి ఎవరో తెలియనందున తల్లి వంశముతో పిలుచుట అచటి నింద యని వ్యాఖ్యాతలు వివరించిరి. ఆ భావమును నేడు మెచ్చుకొనవలసిన పని లేదు. కాని శాస్త్రము నిందను నిందయని పేరుపెట్టి చెప్పినది. మన వాక్యములలో అదే నింద పేరు లేక, వారు వాడుల నడుమ దాగియున్నది. మొదటిదానిని విద్యార్థి ప్రశ్నింపగలడు; రెండవదానిని ప్రశ్నించుటకు అతనికి సూత్రము దొరకదు.

1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులైన రాధాకృష్ణపండితుని ఇంటిపేరు సర్వేపల్లి. విశాఖ తీరమున వినబడు ఇంటిపేర్లలో వాసుపల్లి, మైలపల్లి కలవు. మూడింటను ఉన్నది ఒకే పల్లి. సర్వేపల్లివారికి పట్టిన వ్యాకరణమే వాసుపల్లివారికిని పట్టును. పల్లిశబ్దమునకు షష్ఠియందు రూపభేదము లేదని చెప్పదలచిన ఉపాధ్యాయుడు ఈ మూడింటిని ఒకే వరుసలో వ్రాసినచో లక్షణము సుబోధమగును. వెనుకబల్ల విద్యార్థి తన ఇంటిపేరును తొలిసారి శాస్త్రమున చూచుకొనును.

దరఖాస్తులలో ఇంటిపేరును చివరకు నెట్టుట మరియొక వింత. ‘శ్రీరామమూర్తి కొర్లపాటి’ యనుట ‘ఇల్లు రాముని’ అనుటతో సమానము. కార్యాలయముల అచ్చుపత్రములను మార్చుట పండితుల చేతిలో లేదు. పాఠములోని వాక్యము మాత్రము వారి చేతిలోనే యున్నది. కర్తకారకమును చెప్పునపుడు దేవదత్తుడో, రాముడో, సీతయో చాలును. ఇంటిపేరును ఔపవిభక్తికము, షష్ఠి, గౌరవబహువచనము చెప్పునపుడే తీసికొనవలెను. తీసికొన్నపుడు అందరివియు తీసికొనవలెను.

సంస్కృతమున దీనికి మరియొక తావు కలదు. చతుర్థాధ్యాయ తృతీయపాదమున పాణిని నివాసమును, అభిజనమును వేరుచేసెను. ఇప్పుడుండు చోటు నివాసము. పూర్వులుండిన చోటు అభిజనము అని భాష్యకారుని వివరణ. ఊరిపేరు గల తెలుగు ఇంటిపేరు అభిజనమునకు సాక్షాత్తు ఉదాహరణము. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమునకై కొన్ని ఊళ్లు ఖాళీ అయినవి. వాటి ప్రజల నివాసము మారినది, అభిజనము మారలేదు. అభిజనమునకు స్రుఘ్నమును ఉదాహరించి, అది ఎచటిదో చూపలేక పాఠము ముగించు ఉపాధ్యాయుడు, ఎదుటనున్న విద్యార్థిని మీ ఇంటిపేరులోని ఊరేదని అడుగవచ్చును.