సంతకం ఉంటే సమ్మతి ఉన్నట్లేనా?

పదవీ విరమణ చేసిన వైద్యుడికి అమెరికా కోర్టు తీర్పులతో పనేమిటని మా ఇంట్లోవారే అడుగుతుంటారు. పని ఉంది. శస్త్రచికిత్సకు ముందు మీ చేత సంతకం చేయించే సమ్మతి పత్రం వెనుక ఆ తీర్పుల చరిత్ర చాలానే ఉంది.

1908లో ఒక మహిళ ఉదర సంబంధమైన బాధతో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో చేరింది. గడ్డ ఉన్నదని గుర్తించిన వైద్యులు మత్తు ఇచ్చి పరీక్షిస్తామన్నారు. పరీక్షకు సరేగాని ఆపరేషన్ మాత్రం వద్దని ఆమె స్పష్టంగా చెప్పింది. స్పృహలో లేనప్పుడు గడ్డను తొలగించారు. తరువాత చేతికి గాంగ్రీన్ వచ్చి కొన్ని వేళ్లు తీసివేయవలసి వచ్చింది. 1914లో తీర్పు రాసిన న్యాయమూర్తి కార్డోజో, మానసిక స్వస్థత గల ప్రతి వయోజనునికీ తన శరీరం విషయంలో నిర్ణయాధికారం ఉన్నదన్నారు. వైద్యనీతిపై రాసేవారు తరచూ ఉటంకించే మాట ఇది. అందువల్ల ఆమె గెలిచిందనే నేనూ చాలాకాలం నమ్మాను. తీర్పును చివరిదాకా చదివాక తెలిసింది, ఆమె ఓడిపోయింది! వైద్యులు చేసిన పనికి ధర్మాసుపత్రి బాధ్యత వహించనక్కరలేదని కోర్టు తేల్చింది. అప్పటినుండి వ్యాఖ్యానం ఎంత బాగున్నా మూలం చూడకుండా ఉండను.

అసలు మలుపు 1972 నాటి కాంటర్‌బరీ కేసు. వాషింగ్టన్‌లో 19 ఏళ్ల యువకుడు వెన్నునొప్పికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. మరునాడు మంచం మీదినుండి పడ్డాడు, ఆపై నడుము కిందిభాగం చచ్చుబడింది. నూటికి ఒకరికి పక్షవాతం రావచ్చునన్న సంగతి అతనికి ముందుగా చెప్పలేదు. ఏమి చెప్పాలన్నది వైద్యుల ఆనవాయితీని బట్టి కాక, నిర్ణయం తీసుకోవడానికి రోగికి ఏమి తెలియాలో దానిని బట్టి ఉండాలని అప్పీలు కోర్టు అన్నది. (పునర్విచారణలో జ్యూరీ వైద్యుల పక్షమే వహించింది. అయినా సూత్రం నిలిచింది.)

మన సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ఈ తీర్పును పరిశీలించింది. కేసు వివరాలు చదివితే న్యూయార్క్ కథే గుర్తుకొస్తుంది. లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్న మహిళకు, మత్తులో ఉండగా, తల్లి అనుమతి తీసుకుని గర్భాశయం, అండాశయాలు తొలగించారు. అది చెల్లని సమ్మతి అని కోర్టు నిర్ద్వంద్వంగా చెప్పింది. అయితే ప్రమాదాలను ఎంతవరకు వివరించాలన్న విషయంలో అమెరికా కొలమానాన్ని అంగీకరించక, వైద్యుల ఆనవాయితీకే మొగ్గింది. ఇక్కడి రోగులలో అధికులు పేదలు, నిరక్షరాస్యులు, వైద్య విషయాలు వారికి అర్థం కావన్నది ఒక కారణం. మనం ఆదర్శంగా తీసుకున్న బ్రిటన్ సైతం 2015లో ఆ ఆనవాయితీ కొలమానాన్ని వదిలివేసింది.

సుప్రీంకోర్టు పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. అర్థం కాని మనిషికి మరింత ఓపికగా చెప్పాలి గాని, తక్కువ చెబితే చాలుననడం ఏమి న్యాయం?

ఈ మాట అనడానికి నాకు అర్హత తక్కువే. ఏళ్ల క్రితం ఒక బడిపంతులుకు థైరాయిడ్ గడ్డ తీశాను. స్వరపేటిక నరానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నదని నాకు తెలుసు. చెబితే భయపడతాడని చెప్పలేదు. నర్సు ఇచ్చిన ఆంగ్ల పత్రంపై వారి బావమరిది సంతకం చేశాడు. గాయం చక్కగా మానింది, గొంతు మాత్రం బొంగురుపోయింది. "ఇక పిల్లలకు పాఠం ఎలా చెప్పాలి సార్?" అని ఆయన గుసగుసగా అడిగారు. తోటి వైద్యులను అడిగితే నేను ఆనవాయితీ తప్పలేదనే అనేవారు. ఆయన వృత్తి ఏమిటో తెలిసి కూడా నేను ఆ ఒక్క మాట చెప్పలేదు.

కనుక పత్రం ముందురోజే ఇమ్మనండి. తెలుగులో చదివి వినిపించమనండి. మీరు ఏ పని చేసి బతుకుతున్నారో చెప్పి, ఈ శస్త్రచికిత్స వల్ల ఆ పనికి ఏమైనా ఇబ్బంది వస్తుందా అని డాక్టరుగారినే అడగండి. ఆయన విసుక్కున్నా అడగండి.