బొమ్మకు కూర్చోవడమూ కూలి పనే

మా చిట్యాల మహిళా సంఘంలో గోడపత్రిక కావలసి వచ్చినప్పుడల్లా ఒకే బొమ్మ వేస్తూ వచ్చాం. ఎత్తిన పిడికిలి, బిగించిన కొంగు, నిటారు నడుము. అలాంటి స్త్రీని మాలో ఎవరూ చూడలేదు. పాత పత్రికల్లోంచి దించుకున్నదే. ఈసారి ఎదురుగా మనిషిని పెట్టుకుని గీయడం నేర్చుకుందామని అయిదారుగురం అనుకున్నాం. పత్తి ఏరడానికి వెళ్లే ఒక అక్కను అడిగితే ఒప్పుకుంది.

డ్రాయింగు పుస్తకాల్లో మనిషి ఎత్తు ఏడున్నర తలలని రాసి ఉంటుంది. అక్కను నిలబెట్టి, పెన్సిలు చాచి కొలిస్తే ఆ లెక్క కుదరలేదు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడు నీళ్లు తాగిన ఒళ్లు. వెన్ను వంగిపోయింది. మెడ తిప్పాలంటే భుజాలతో సహా తిరగాలి. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ వంగిన ఎముకలు తిరిగి సాగవు. మాలో ఒకామె జాలిపడి కాగితం మీద ఆ నడుము నిటారుగా చేసేసింది. నాకది నచ్చలేదు. నల్లగొండ నీళ్లు చేసిన అన్యాయాన్ని రబ్బరుతో తుడిచేసినట్టు అనిపించింది.

తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టాం. గంటన్నర గడిచాక అక్కే నోరు విప్పింది. "ఇంకెంతసేపు బిడ్డా? కదలకుంట కూసునుడు అల్కటి పనా? పత్తి ఏరుడే నయం, గాడ కూలన్న వస్తది."

కూలిరేట్ల మీద మీటింగులు పెట్టేవాళ్లం, ఆమె కూలి మాటే ఎత్తలేదు. 'మన అక్కే కదా' అనుకున్నాం. ఇంటి చాకిరీ గురించి మగవాళ్లు అనే మాట కూడా ఇదే.

మనిషిని చూసి గీసే చదువు స్త్రీలకు తేలిగ్గా దొరకలేదు. లండన్ రాయల్ అకాడమీని 1768లో స్థాపించిన సభ్యుల్లో ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్ ఉన్నారు. సభ్యులు నగ్న మోడల్ చుట్టూ చేరినట్టు జొఫానీ వేసిన చిత్రంలో వీళ్లిద్దరు మాత్రం గోడకు వేలాడే పటాలు! ఆ గదిలోకి ఆడవాళ్లు రాకూడదు మరి. అక్కడి విద్యార్థినులకు ఆ తరగతి 1893లో దక్కింది, అదీ మోడల్ నడుముకు గుడ్డ చుట్టాకే. మన దగ్గర దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లి చదివాడు. చిత్రకారిణులైన ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ రాజమండ్రిలోనే ఉండి నేర్చుకున్నారు.

గీసే హక్కు గురించి ఇంత చెప్పుకుంటాం. మరి కూర్చునే స్త్రీ? ముంబయిలో ఆర్ట్ విద్యార్థులకు మోడల్‌గా కూర్చుని కొడుకును చదివించుకునే తల్లి కథతో రవి జాదవ్ మరాఠీలో 'న్యూడ్' సినిమా తీస్తే, 2017లో గోవా చిత్రోత్సవం జాబితా నుంచి కేంద్ర ప్రభుత్వం దాన్ని తీసేసింది. నగ్నత్వం మాట వినగానే మన సంఘాల్లోనూ కొందరు ముఖం చిట్లిస్తారు. బట్టలతో కూర్చోవాలా, లేకుండానా అన్నది ఆమె ఇష్టం, మధ్యలో మనసు మార్చుకున్నా సరే. రోజు కూలి, అరగంటకోసారి విశ్రాంతి, అడగకుండా ఫోటో తీయకపోవడం, ఇవి మాత్రం కాలేజీ అయినా సంఘం అయినా ముందే ఒప్పుకోవాలి.

మరుసటి వారం అక్కను మళ్లీ పిలిచాం, రెండు రోజుల కూలి చేతిలో పెట్టాం. వంగిన నడుముతో ఉన్న బొమ్మను చాలాసేపు చూసింది. "గిది నేనే. పేరు మాత్రం రాయకుండ్రి" అంది. రాయలేదు. లెక్కల పుస్తకంలో మా కోశాధికారి ఆ డబ్బును 'కాగితాలు, రంగులు' కింద చూపింది. కొట్టేయించి, పక్కన 'కూలి' అని రాయించాను.