గడియారంతో పందెం

1906 సెప్టెంబరు 8. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఏటా జరిగే వ్యవసాయ ప్రదర్శన. మన తిరునాళ్లలాంటిదే అదీనూ. ఆవులూ, గొర్రెలూ, మిఠాయి దుకాణాలూ, పిల్లల గోలా. కానీ ఆ రోజు వాటి మొహం చూసినవాళ్లు లేరు. 93 వేల మంది జనం పందెం బాట చుట్టూ చేరిపోయారు. బరిలో ఉన్నది ఒకే ఒక్క ముదురు గోధుమరంగు గుర్రం. ఓడించడానికి దానికి ప్రత్యర్థి గుర్రమే లేదు. గడియారంతోనే దాని పోటీ! మైలు దూరం ఒక నిమిషం 55 సెకన్లలో చుట్టేసింది. అంటే గంటకు 50 కిలోమీటర్ల వేగం.

దాని పేరు డాన్ ప్యాచ్. మలక్‌పేట రేసుల్లోలా దీని వీపు మీద జాకీ ఎక్కడు. వెనక సల్కీ అనే రెండు చక్రాల బండి కడతారు. మన జట్కాకి గూడు పీకేసి, ఇరుసూ చక్రాలూ ఒక చిన్న సీటూ మిగిల్చితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నడకా వేరే. ఒంటెలాగా ఒకేవైపు కాళ్లు రెండూ కలిపి వేస్తుంది. దౌడు తీయకూడదు. పొలాలకూ సంతకూ బండ్లు తోలుకునే పల్లెటూరి జనానికి ఈ పందెం సొంతింటి వ్యవహారం.

ఇంతటి గుర్రమూ పుట్టింది ఇండియానా రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో, 1896లో. యజమాని డాన్ మెస్నర్‌ది బట్టల కొట్టు. 255 డాలర్లు పెట్టి కొన్న కుంటి గుర్రానికి పుట్టిన పిల్ల ఇది. కాళ్లు వంకర. లేచి నిలబడటమే కష్టమైంది. చంపేయడమే మేలన్నారట చూసినవాళ్లు. మెస్నర్ ఒప్పుకోలేదు. తన పేరులో సగం, తండ్రి గుర్రం జో ప్యాచెన్ పేరులో సగం కలిపి దానికి పేరు పెట్టాడు. నాలుగేళ్లు ఆగి 1900లో పక్క ఊరి జాతర పందెంలో దింపాడు. ఇక అప్పట్నుంచీ ఓటమన్నది ఎరగదు. 1902లో అతని మరో గుర్రాన్ని ఎవరో విషం పెట్టి చంపేశారు. తర్వాతి వంతు దీనిదేనేమోనని భయపడ్డాడు. 20 వేల డాలర్లకు అమ్మేశాడు. పాపం, కొట్టు వ్యాపారికి అది చిన్న మొత్తం కాదు మరి.

అదే ఏడాది చివర్లో దీన్ని 60 వేలకు కొన్న పెద్దమనిషి మేరియన్ విల్లిస్ సావేజ్. కథ అసలు మలుపు తిరిగింది ఇక్కడే. మినియాపొలిస్‌లో ఆయనది పశువుల దాణాలో కలిపే పొడి తయారుచేసే కంపెనీ. ‘సెంటుకి మూడు మేతలు’ అన్నది దాని ప్రచారం. అప్పటికే డాన్ ప్యాచ్‌తో తలపడటానికి ఎవరూ ముందుకు రావడం లేదు. మరొకరైతే దిగులుపడేవారు. సావేజ్ మాత్రం గుర్రాన్ని తెల్లటి సొంత రైలుపెట్టెలో ఎక్కించి ఊరూరా తిప్పాడు. గడియారం మీదే పందెం కాబట్టి జూదం బెడద లేదు. ఆదివారం నాడు పరిగెత్తించేవాడూ కాదు. దాంతో పందేలంటే మొహం తిప్పుకునే మర్యాదస్తుల కుటుంబాలు కూడా పిల్లాపాపలతో కదిలొచ్చాయి. 1912 నాటి ఓ చిన్న ఊరి కథతో 1957లో బ్రాడ్‌వేలో ఆడిన ‘ద మ్యూజిక్ మ్యాన్’ సంగీత నాటకంలో బ్యాండు వాయిద్యాలు అంటగట్టడానికొచ్చిన మోసగాడు ఊరివాళ్లను రెచ్చగొట్టే పాటలోనూ ఈ గుర్రం పేరు దొర్లుతుంది.

గుర్రం బొమ్మ కావాలా? ఉచితం! ఉత్తరం రాస్తే చాలు. కాకపోతే మీకు పశువులెన్ని ఉన్నాయో, ఈ ప్రకటన ఏ పత్రికలో చూశారో కూడా రాయాలి. బొమ్మ రైతు ఇంటి గోడకెక్కింది. రైతు చిరునామా సావేజ్ పుస్తకాలకెక్కింది. బేరం ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు. ఇక డాన్ ప్యాచ్ చుట్టలు, పొగాకు డబ్బాలు, బట్టలుతికే యంత్రాలు, పొయ్యిలు, పిల్లల మంచు బండ్లు, చెక్క గుర్రాలు. గుర్రాన్ని చూడనివాళ్ల ఇంట్లోకీ దాని పేరు వచ్చి కూర్చుంది. తమాషా ఏమంటే డాన్ ప్యాచ్ పేరుతో మోటారు కారూ వచ్చింది, రైలు మార్గమూ వచ్చింది. గుర్రం పని మూయించే సరుక్కి గుర్రం పేరే!

మరి ఆ పొడి తినే ఇంత వేగం వచ్చిందా? పొడి ప్రకటనల తీరు అలాగే ఉండేది. అప్పటి వ్యవసాయ పరిశోధనా కేంద్రాలు ఇలాంటి పొడుల్ని పరీక్షించి, మామూలు మేతకంటే పెద్దగా ఒరిగేదేమీ లేదని తేల్చాయి. అయినా అమ్మకాలు సాగాయి. గోడ మీద గుర్రం బొమ్మ కనిపిస్తుంటే పరిశోధన నివేదిక చదివేదెవరు?

మిన్నెసోటా నదీ తీరంలో సావేజ్ కట్టించిన గుర్రపుశాలకు ఉల్లిపాయలాంటి గుమ్మటం ఉండేది. జనం దాన్ని ‘తాజ్‌మహల్’ అని పిలిచేవారు. శీతాకాలంలోనూ సాధన ఆగకుండా కిటికీలు పెట్టి, కప్పు వేసిన అరమైలు బాట కూడా ఉండేది. ఆ ఊరి పేరే తర్వాత సావేజ్ అయింది.

1906 పరుగు మాత్రం అధికారిక పుస్తకాల్లోకి ఎక్కలేదు. ముందు పరిగెత్తిన తోడు గుర్రం బండికి దుమ్ము కొట్టకుండా తెర కట్టారు. అది నిబంధనలకు విరుద్ధమన్నారు. అంతకుముందు ఏడాది చేసిన 1:55¼ సెకన్లే లెక్కన్నారు. సావేజ్ వింటేనా! పట్టుబట్టి పొలం పేరులోనే 1:55 చేర్చేశాడు. ఆ తర్వాత 1938 దాకా ఆ వేగాన్ని ఏ గుర్రమూ అందుకోలేదు.

1916 జులై 11న డాన్ ప్యాచ్ చనిపోయింది. చిన్న శస్త్రచికిత్స కోసం ఆసుపత్రిలో ఉన్న సావేజ్‌కి కబురు అందింది. మర్నాడే ఆయనా పోయాడు. రైలు మార్గం ఆ ఏడే దివాలా తీసింది. గుర్రాన్ని ఆ నది ఒడ్డునే ఎక్కడో పాతిపెట్టారు, గుర్తు కూడా పెట్టకుండా. ఆక్స్‌ఫర్డ్‌లో అది పుట్టిపెరిగిన కొట్టం కప్పు మీద మాత్రం పెద్దక్షరాలతో దాని పేరు రాయించారు. పక్కనే సమయం. 1:55.