వినుటయు నొక విద్యయే

"సంగీతము మాకు తెలియదండీ" అనుమాట చదువుకొన్న తెలుగువారి నోట తరచుగా వినవచ్చును. ఈ మాట పలుకువారిలో పలువురు పోతన పద్యమును రాగముతో చదువగలవారు. పౌరాణిక నాటకములలో పద్యమునకు 'వన్స్ మోర్' కొట్టినవారి బిడ్డలు. అట్టివారు సంగీతకచేరీ యనగానే వెనుకంజ వేయుదురు. డెబ్బది రెండు మేళకర్తలును, తాళములును తెలిసిన పిమ్మటగాని సభలో కూర్చుండు అర్హత కలుగదని వారి భయము. ఈ భయము నిర్హేతుకము. వ్యాకరణము చదివి మాటలాడ నేర్చిన బిడ్డ లోకమున లేడు.

త్యాగరాజస్వామి (1767-1847) తంజావూరు సీమలోని తిరువారూరున పుట్టి, తిరువయ్యారున జీవితము గడపి, తన కీర్తనలలో అధికభాగమును తెలుగున రచించెను. చెన్నపురి సభలలో తెలుగురాని శ్రోత రెండుగంటలు కదలక కూర్చుండి, రాగమును పోల్చుకొనును. ప్రతి సంగతికిని తల యూపును. మాట మాత్రము వానికి అందదు. తెలుగు శ్రోతకు మాట అందును. రాగమునకు జంకి సభకే పోడు. ఒకరికి సగము, వేరొకరికి సగము. తక్కిన సగమునకై చెన్నపురి శ్రోత యొక భాషనే నేర్వవలయును. తెలుగువానికి కావలసినది కొంత ఓర్పు మాత్రమే.

ఆరంభము మాటతోనే కావచ్చును. 'నిధి చాల సుఖమా' అను కీర్తన కల్యాణి రాగమున నున్నది. సిరి గొప్పదా, స్వామి సన్నిధి గొప్పదా యని మనసును నిలదీయుట అందలి విషయము. గాయకుడు పల్లవిని మరల మరల పాడును. మాట మారదు, స్వరముల నడక మాత్రము కొంత మారుచుండును. ఆ మార్పునకే సంగతి యని పేరు. ఈ యొక్క కీర్తననే వారముదినములు, ఇద్దరు ముగ్గురు విద్వాంసుల గొంతున వినవలయును. పిమ్మట శంకరాభరణమునందలి 'ఎందుకు పెద్దల' వినవలయును. ఈ రెండు రాగముల స్వరములలో భేద మొక్కటియే: కల్యాణికి ప్రతిమధ్యమము, శంకరాభరణమునకు శుద్ధమధ్యమము. ఈ పేర్లు తెలియకున్నను, కొలది దినములలో చెవి ఆ తేడాను తానే పట్టును. పొరుగువాని గొంతు పోల్చుటకు వాని యింటిపేరు తెలియ నక్కరలేదు గదా!

మాటను పట్టుకొన్నవాడు నాదమును విడుచునని కొందరు పెద్దల ఆక్షేపణ. అందు సత్యము లేకపోలేదు. రాగాలాపనలో మాటయే యుండదు. సాహిత్యమునే నమ్ముకొన్నవానికి అది శూన్యముగా తోచవచ్చును. మెట్టు మేడ కాదు, నిజమే. కాని మెట్టెక్కక మేడ చేరినవాడును లేడు. కల్యాణి కీర్తనలు నాలుగు చెవిలో నిలిచినవానికి కల్యాణి ఆలాపన పరాయిగా తోచదు.

ఇది ఒక్క శ్రోత వినోదమునకు సంబంధించినది మాత్రమే కాదు. సభలో భాష యెరిగినవారు లేనప్పుడు గాయకుడు విరువరాని చోట పదమును విరుచును. ప్రశ్న ప్రశ్నగా వినబడదు. వేడుకోలు వేడుకోలుగా తోపదు. తప్పు జరిగినదని నొచ్చుకొను చెవి అచ్చట నుండదు. తరములు గడచినకొలది సాహిత్యము రాగమును మోయు అక్షరముల ప్రోగుగా మిగులును. ఆ మాటను కాపాడవలసిన భారము తెలుగు చెవిపైననే అధికముగా నున్నది.

విద్వాంసులను తీర్చిదిద్దుటకు విజయనగరమున 1919లోనే సంగీత కళాశాల వెలసినది. శ్రోతలను తీర్చిదిద్దు కళాశాల యెచ్చటను లేదు. ఆ పని ఇంటనే జరుగవలయును. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని ప్రసారములు తెలుగిండ్లలో ఆ విద్యను కొంత నేర్పినవి. నేడు ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలును, బాలమురళీకృష్ణగారి గానమును అరచేతిలోని ఫోనునందే వినవచ్చును. కొరత గానమునకు కాదు; ఒక్క కీర్తనను పదిమార్లు వినుటకు వలయు నిలుకడకు.

పాడుట రాకపోవుట దోషము కాదు. తన భాషలో పాడిన దానిని తనది కాదని వినక త్రోసివేయుట మాత్రము దోషమే.